ఇంటి మాట

వార్త ఫోనులో వచ్చింది. మా వణుకు జబ్బు వాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఎవరో "మన సిస్టరు గారు చనిపొయ్యారు" అని పెట్టారు. 'పొయ్యారు' అని రాయకూడదు, 'పోయారు' అని రాయాలి. నా బుద్ధి ముందు అక్కడికే వెళ్ళింది. ముప్పై రెండేళ్ళు తెలుగు మాస్టారుగా పనిచేసినవాడికి తప్పు ముందు కనబడుతుంది, అర్థం వెనకాల వస్తుంది. అర్థం వచ్చాక ఫోను టేబులు మీద పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళాను. మధురవాడలో మా బాల్కనీ నుంచి కనబడేది ఎదుటి అపార్టుమెంటు బాల్కనీయే. అక్కడ ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. చెప్పాను. స్టవ్వు కట్టేసి వచ్చి నా పక్కన నిలబడింది. "యాభై అయినా నిండాయో లేదో" అంది. నిజమే, ఆ సంగతి కూడా మాకు తెలియదు.

సిస్టరు పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఎప్పుడూ పేరుతో పిలవలేదు. ఆసుపత్రి వాళ్ళు ఆ ఉద్యోగానికి పెట్టిన పేరు నర్స్ నావిగేటర్. ఓడరేవు ఊళ్ళో పుట్టినవాణ్ణి కదా, ఆ మాట వినగానే నాకు రేవు పైలట్లు గుర్తొచ్చారు. బయట సముద్రంలో ఆగిన పెద్ద ఓడ దగ్గరికి చిన్న పడవలో వెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కి, ఓడని జాగ్రత్తగా లోపలికి తెచ్చే మనుషులు. ఆ మాటే చెబితే సిస్టరు పకపకా నవ్వింది.

"అంత సీను లేదు మాస్టారూ. నాను సిటీబస్సు కండక్టర్ని. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో సెప్తాను. బండి తోలీది డాక్టరుగారే."

మొదటిసారి ఆవిడని చూసింది ఒక గుమ్మం దగ్గర. ఈ జబ్బుకి ఒక వింత గుణం ఉంది. వరండా పొడుగునా బాగానే నడుస్తాం. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. ఆ రోజు డాక్టరుగారి గది గుమ్మంలో అలాగే ఆగిపోయాను. వెనకాల జనం, మా ఆవిడ రెక్క పట్టుకుని లాగుతోంది, నాకేమో సిగ్గుతో చెమటలు. లోపల్నుంచి ఒక పొట్టి మనిషి, కొప్పులో బాల్‌పెన్ను గుచ్చుకుని, గబగబా వచ్చింది. చెప్పు విప్పి తన కుడికాలు నా కాళ్ళ ముందు అడ్డంగా చాపింది.

"నా కాలు దాటండి."

మనిషి కాలు దాటడమేమిటి! అందులో ఆడకూతురి కాలు. చిన్నప్పుడు పడుకున్నవాళ్ళని పొరపాటున దాటితే మా అమ్మ మళ్ళీ వెనక్కి దాటించేది. "తప్పమ్మా, నేను దాటను" అన్నాను.

"తప్పే. దాటీసాక దణ్ణం ఎట్టుకుందురు గాని. ముందు దాటండి."

దాటాను. అంతసేపు రాయిలా ఉన్న కాలు హాయిగా లేచింది. ఎదురుగా అడ్డం ఏదైనా కనబడితే ఈ జబ్బువాళ్ళ కాలు లేస్తుందట, నేల మీద గీత గీసినా చాలట. మరి ఏ కర్రో పెట్టొచ్చు కదా అంటే, "కర్ర ఎతకడానికి నానెల్తే మీరు గుమ్మంలోనే ఉండిపోతారు. కాలైతే ఎప్పుడూ నాతోనే ఉంటాది" అంది. నా బదులు మా ఆవిడ వంగి ఆ పాదం తాకి కళ్ళకద్దుకుంది. సిస్టరు ఉలిక్కిపడి ఒంటికాలి మీద వెనక్కి గెంతింది. అలా మొదలైంది మా పరిచయం.

అప్పటికి నా పరిస్థితి ఏమంత బాగాలేదు. కుడిచేతి వణుకు రిటైరవకముందే మొదలైంది. బోర్డు మీద నా అక్షరాలు చూసి పిల్లలు నవ్వుకునేవాళ్ళు. తర్వాత మాత్రలు వేసుకుంటే గంటన్నర మనిషిని, ఆ తర్వాత మళ్ళీ మంచానికి కట్టేసినట్టు. అన్నం ముద్ద నోటికి చేరేలోపు సగం ఒళ్ళోనే పడేది. డాక్టరుగారు ఆపరేషన్ అన్నారు. మెదడులోకి రెండు సన్నటి తీగలు పంపి, ఛాతీ చర్మం కింద చిన్న బ్యాటరీ పెడతారు. ఆ తీగల్లో నడిచే కరెంటు వణుకుని అణుస్తుంది. తీగ సరైన చోట పడిందో లేదో తేల్చుకోవాలంటే ఆపరేషన్ సగంలో మనిషి మెలకువగా ఉండాలి, మాట్లాడాలి.

సిస్టరు మాకు ఆ తీగ నమూనా ఒకటి చేతికిచ్చి చూపించింది. "ఇంతే. సేమియా పోసంత." మా ఆవిడ దాన్ని పట్టుకుని, "భయమేం లేదు కదమ్మా?" అంది. ఇలాంటి చోట ఎవరైనా భయపడకండి అంటారు. ఈవిడ అనదు. "ఎందుకు లేదు? బుర్రకి కన్నం పెడతారంటే బయం ఉండదేటి? బయపడండి. నానూ పక్కనే ఉంటాను" అంది. ఇంకో మాట కూడా అందరికీ ముందే చెప్పేది: ఇది జబ్బుని తీసేయదు, నాలుగైదేళ్ళు వెనక్కి తీసుకెళ్ళి అక్కడ దింపుతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ నడక మీదే. "ఇప్పుడు అబద్దం ఆడితే ఆర్నెల్లు పోయాక మీరు తిట్టీది నన్నే కదా."

పేషెంటుని అడిగిన ప్రశ్నకి పక్కవాళ్ళు జవాబు చెబితే ఒప్పుకునేది కాదు. మాకు మాట పెగలడానికి టైము పడుతుంది. ఇంట్లో అందరూ ఆ టైము ఆగలేక మా మాట వాళ్ళే అనేస్తారు. సిస్టరు ఆగేది. ఫైలు తిప్పడం, గడియారం చూడటం లేకుండా ఆగేది. మా ఆవిడ నోరు తెరిస్తే అరచెయ్యి ఎత్తి, "మీ వంతు వస్తాది అమ్మగారూ" అనేది. ఉత్తుత్తినే అనలేదు. ఒక రోజు నన్ను బయట కూర్చోబెట్టి మా ఆవిడని అరగంట లోపల కూర్చోబెట్టుకుంది. ఏం అడిగిందని తర్వాత నేనంటే, "నేను సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందని అడిగింది" అంది మా ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. ఇన్నేళ్ళలో నేను ఆ ప్రశ్న అడగలేదు.

నా భయం వేరు. ఈ ఆపరేషన్‌లో కొందరికి మాట ముద్దగా అయిపోవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆ రోజే సిస్టరుతో అన్నాను: "చెయ్యి వణికితే వణకనీ అమ్మా. మాట పోతే మాత్రం నేను నేను కాదు." నా ఉచ్చారణ మీద నాకు గర్వం ఉండేది. డాక్టరుగారు కన్నడిగులు, పట్టుదలగా తెలుగు నేర్చుకున్నారు. "మాస్టారి మాట వింటే నాకు పాఠం విన్నట్టుంటుంది" అనేవారు. నేను పొంగిపోయేవాణ్ణి. సిస్టరు కొప్పులో పెన్ను తీసి ఫైలు అట్ట మీద 'మాట' అని పెద్ద అక్షరాలతో రాసుకుంది.

ఆపరేషన్‌కి పది రోజుల ముందు నా మాట రికార్డు చేశారు. ముందు ఎలా ఉండేదో తెలిస్తేనే కదా, తర్వాత ఏం మారిందో తెలిసేది. మైకు ముందు కూర్చుని, ఇచ్చిన కాగితం ఖణేల్‌మని చదివాను. ఒత్తులు, దీర్ఘాలు, ఎక్కడా వంక లేదు. డాక్టరుగారు మెచ్చుకుని వెళ్ళిపోయారు. సిస్టరు మాత్రం మిషను కట్టెయ్యలేదు.

"ఇది బడి మాట మాస్టారూ. ఇంటి మాట కావాలి."

"మా ఇంట్లో ఇలాగే మాట్లాడతాం" అన్నాను.

"అమ్మగారిది గోదావరి యాస. ఆవిడతో అలాగే మాటాడతారేమో. అంతకు ముందు? మీ అమ్మ మిమ్మల్ని అన్నానికి ఎలా పిలిసీది?"

నాకు కోపం వచ్చింది. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మాది ఒడ్డున చేపలు పట్టే పేట. మా నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మా అక్కా గంపలతో వీధులు తిరిగి అమ్మేవాళ్ళు. నేనొక్కణ్ణే చదువుకున్నాను. కాలేజీలో మొదటి రోజు నేను నోరు తెరిస్తే క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ రాత్రి నుంచీ 'చ' పలకడం సాధన చేశాను. తర్వాత ముప్పై రెండేళ్ళు ఈ ఊరి పిల్లలందరి నోళ్ళలో 'స' కొట్టేసి 'చ' పెట్టాను. అంతటితో ఆగితే బాగుండేది. మా అమ్మాయి పెళ్ళిలో వియ్యాలవారి ముందు అక్క ఏదో అంటే, "సేపలు కాదక్కా, చేపలు" అని నవ్వుతూ దిద్దాను. వాళ్ళూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత మా ఇంటికి రావడం తగ్గించింది.

ఇదంతా నేను చెప్పలేదు. "అంత అవసరం లేదమ్మా. ఉన్నది చాలు" అని లేచాను. సిస్టరు మిషను కట్టేస్తూ, "మాదీ ఈ ఊరే మాస్టారూ, కంచరపాలెం. మీలాంటి తెలుగు మాస్టారే నా సెయ్యి మీద బెత్తంతో కొట్టీవోరు. ఇప్పటికీ డాక్టర్లతో ఒక మాట, మీతో ఒక మాట" అంది. నిజమే, డాక్టరుగారి దగ్గర ఆవిడ 'చెప్పండి సర్' అనేది, మా దగ్గర 'సెప్పండి' అనేది. ఆ తేడా ఎన్నోసార్లు విన్నాను. వింటూ లోపల్లోపల దిద్దుకున్నాను కూడా.

ఆపరేషన్ రోజు. ముందురోజు నుంచే మాత్రలు ఆపేశారు కాబట్టి ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. గుండు చేశారు. తలకి ఇనుప చట్రం బిగించి బల్లకి కదలకుండా కట్టారు. తలకి మత్తు సూదులు ఇచ్చారు కాబట్టి నొప్పి తెలియలేదు గానీ, ఎముక తొలుస్తున్న చప్పుడు బయట్నుంచి కాదు, నా లోపల్నుంచే వచ్చింది. పారదర్శకమైన తెర కింద సిస్టరు నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని నా ఎడమచెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి మాత్రం తన మానాన తను దడదడలాడుతోంది.

మొదటి తీగ దింపారు. కొద్దిగా కరెంటు ఇచ్చారు. ఒక చోట కాస్త తగ్గింది, ఇంకోచోట ముఖం లాగేసింది. ఇంకొంచెం కిందికి జరిపారు. "మాట్లాడించండి" అన్నారు డాక్టరుగారు.

"మీ నాన్నగారు ఏటకెల్లొచ్చినప్పుడు ఒడ్డున ఎవరుండీవోరు మాస్టారూ?" అంది సిస్టరు.

వేట సంగతి నేను చెప్పలేదే అని ఆలోచించే ఓపిక కూడా లేదు. ఖణేల్‌మనే మాట నిలబెట్టడానికి ఒంట్లో సత్తువ ఉండాలి. ఆ రోజు అది లేదు. నోరు తెరిస్తే ఏది పైకొస్తే అదే వచ్చింది.

"అక్కా నానూ ఉండీవోళ్ళం. తెప్ప ఒడ్డుకి రాగానే గంప ఎట్టీవోళ్ళం. సేపలు గంపలో పడి ఎగిరెగిరి పడీవి..."

నా కుడిచెయ్యి ఆగిపోయింది. ఏ బరువూ పెట్టకుండా, ఎవరూ పట్టుకోకుండా, దుప్పటి మీద ఊరికే పడుకుని ఉంది. 

"ఆపండి" అన్నారు డాక్టరుగారు వెనకాల్నుంచి. "మాట జారుతోంది. 'చ' పోయింది, 'నేను' కూడా పోయింది. మాస్టారి రికార్డింగులో ఎంత స్పష్టంగా ఉంది! ఈ చోటు పనికిరాదు. తీగ మార్చాలి."

నా మాటకి ఏమీ కాకూడదని నేను పెట్టిన షరతు అది. ఆయన దాన్నే కాపాడుతున్నారు.

"సర్, మాట జారలేదు" అంది సిస్టరు, డాక్టర్ల దగ్గర మాట్లాడే తెలుగులో. "అది మాస్టారి ఇంటి మాట. వాళ్ళక్కగారు కూడా ఇలాగే మాట్లాడతారు. నేను వెళ్ళి విన్నాను. ఒక్కసారి కరెంటు ఆపి చూడండి. ఆపినా ఇదే మాట వస్తే కరెంటు వల్ల కాదు కదా సర్?"

కరెంటు ఆపారు. చెయ్యి మళ్ళీ దడదడలాడటం మొదలెట్టింది. "చెప్పండి మాస్టారూ. గంపలో ఏమిటి పడేవి?" అన్నారు డాక్టరుగారు.

నాకు అప్పుడు అంతా తెలుసు. అదే తమాషా. గదిలో ఆరేడుగురున్నారు. నా ఉచ్చారణని మెచ్చుకున్న మనిషి తల వెనకాల ఉన్నాడు. కొంచెం గట్టిగా పట్టుకుంటే 'చేపలు' అనగలను, పెదాల దాకా వచ్చింది కూడా. అంటే డాక్టరుగారు నన్నే నమ్ముతారు. చెయ్యి ఆగిన ఆ ఒక్క చోటు వదిలేసి తీగ ఇంకెక్కడికో పోతుంది. ఇంత తెలిసీ నా నాలుక 'చ' వైపే పోతోంది చూడండి, అదీ నా రోగం. సిస్టరు నా ముఖం చూసి గ్రహించినట్టుంది. ముందుకి వంగి మెల్లగా అంది.

"మాస్టారూ, ఇప్పుడు బడి తెరవకండి."

"సేపలు" అన్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "సేపలండీ. మాం అలాగే అంటాం."

 తర్వాత డాక్టరుగారు కరెంటు మళ్ళీ ఇచ్చారు, చెయ్యి మళ్ళీ ఆగింది. ఇంకా పెంచుకుంటూ పోయారు. ఒక దశలో నా నాలుక మందమై 'గంప' అనబోతే 'గమ్మ' అయింది. సిస్టరు వెంటనే, "ఇదీ జారడమంటే సర్. ఇలా వాళ్ళింట్లో ఎవరూ అనరు" అంది. అక్కడికి గీత గీసుకున్నారు. తీగ అక్కడే ఉంచేశారు, ఇప్పటికీ అక్కడే ఉంది.

వార్డుకి మార్చాక అడిగాను, అక్క దగ్గరికి ఎప్పుడు వెళ్ళావమ్మా అని. ప్రతి పేషెంటుకీ చిన్నప్పటి మనిషి ఒకరితో మాట్లాడటం ఆవిడ అలవాటట. మా ఆవిడని నంబరు అడిగి, డ్యూటీ దిగాక పేటకి వెళ్ళి, అక్క పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడిందట. అక్క ఏమన్నదంటే, "మా తమ్ముడు సదువుకున్నాక మాట మార్సీసాడు గానీ, జొరం వచ్చినప్పుడు అమ్మ మాటే వస్తాదమ్మా" అన్నదట. సిస్టరు ఆ మాట ఫైల్లో రాసుకుందట. మర్నాడు అక్క ఆసుపత్రికి వచ్చింది. గుండు మీద చెయ్యి వేసి, "ఏటిరా తమ్మా, ఇలగైపోనావు" అంది. నేను ఏ తెలుగులో జవాబు చెప్పానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు సిస్టరు నెలకోసారి ఫోను చేసేది. "ఏటి మాస్టారూ, నిన్న ఏటి కూర?" అని మొదలు. వంకాయో బీరకాయో ఆవిడకి అక్కర్లేదు. నేనెలా పలికానన్నదే వినేది. ఒకసారి రెండు ముక్కలు మాట్లాడానో లేదో, "రేపు రండి, కొంచెం సరి సెయ్యాలి" అంది. వెళితే నిజంగానే సరిచెయ్యాల్సి వచ్చింది. మా ఆవిడకీ తేలని తేడా ఆవిడకి ఫోనులో తెలిసింది.

ఆఖరి ఫోనులో ఆవిడ మధ్యమధ్య ఆగింది. ఆయాసం వినబడింది. "జలుబు చేసిందా అమ్మా?" అన్నాను. "ఆఁ, కొంచెం" అని నా మాత్రల వేళల్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళిపోయాను, నా మలబద్ధకం గురించి పావుగంట చెప్పాను. ఏడాదిగా ఆవిడకి ఒంట్లో బాగాలేదని గ్రూపులో ఇప్పుడు రాస్తున్నారు. మాలో ఒక్కరికీ తెలియదు. నా నోట్లో ఒక్క అక్షరం తేడా వస్తే పట్టుకున్న మనిషి ఊపిరిలో అంత తేడా వస్తే నేను పట్టుకోలేకపోయాను. తప్పులు పట్టడమే వృత్తిగా బతికినవాణ్ణి. ఆ సిగ్గు నాకు ఉంది, ఉండాలి కూడా.

నిన్న చెకప్‌కి వెళ్ళాం. ఆ గదిలో ఇప్పుడు ఒక చిన్నమ్మాయి ఉంది. మర్యాదైన పిల్ల, ఫైలు ముందే చదువుకుని కూర్చుంది. చెయ్యి చూసింది, నడిపించింది. తర్వాత పెన్ను పట్టుకుని, "మాట ఎలా ఉంది సర్? ఏదైనా మాట్లాడండి" అంది.

మాట్లాడదామనే నోరు తెరిచాను. రాలేదు. పెదాలు కదిలాయి, గొంతులో ఏదో అడ్డం పడింది. మళ్ళీ ప్రయత్నించాను, గరగరమని చప్పుడు మాత్రం వచ్చింది. ఆ అమ్మాయి ముఖంలో కంగారు. ఫైలు అట్ట చూసింది, నన్ను చూసింది, కరెంటు మార్చే మిషను చేతిలోకి తీసుకుంది.

"మాట పట్టేస్తోందా సర్? కరెంటు కొంచెం తగ్గించమంటారా?"

వద్దని చెయ్యి ఊపాను. చెయ్యి వణకలేదు. పక్కన మా ఆవిడ ఏదో అనబోయి ఆగింది. ముగ్గురం అలా కూర్చున్నాం, నాకు గొంతు పెగిలేదాకా.

"తగ్గించకమ్మా. మాటకేటీ అవలేదు, బాగానే ఉంది. ఆవిడ నేదు కదా, ఏడుపొస్తంది. నానేటి సెయ్యను?"